పెద్దవాని లెక్కలో చిన్నవాని వాటా

ప్రభుత్వము వంతెన కట్టింపదలచినను, ఓడను నిర్మింపదలచినను, తన చేతులతో ఆ పని చేయదు, గుత్తేదారును పిలుచును. ఆ గుత్తేదారును పని అంతయు తానొక్కడే చేయడు. ఇనుప పని ఒకరికి, విద్యుత్తు తీగెల పని మఱియొకరికి, రంగుల పని వేఱొకరికి అప్పగించును. ఇల్లు కట్టించిన ప్రతి గృహస్థునకు ఈ సంగతి అనుభవములోనిదే. మేస్త్రితో మాట కుదుర్చుకొందుము. కాని తలుపులు చెక్కినవాడెవడో, గచ్చు చేసినవాడెవడో, వానికి కూలి సరిగా ముట్టినదో లేదో మనకు తెలియదు. మనము అడుగవలసినది మేస్త్రినే. నమ్మవలసినదియు మేస్త్రి మాటనే.

ప్రభుత్వముల విషయములోను ఇదియే చిక్కు. ఒడంబడిక పెద్ద గుత్తేదారుతో. చిన్న ఉపగుత్తేదారుతో ప్రభుత్వమునకు నేరుగా సంబంధము లేదు. అట్లయినచో, ప్రజల పన్నుల ధనములో చిన్న కార్ఖానాలకు ఎంత చేరినదో తెలియుట యెట్లు? పెద్దవాడు చెప్పవలెను, చెప్పినదానిని వ్రాతపూర్వకముగా సమర్పింపవలెను. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ వ్రాతకు ఉపగుత్తల నివేదిక అని పేరు. ఆ నివేదికల పద్ధతి ఇటీవల మఱల మారుచున్నది. పద్ధతి మారునప్పుడు గుత్తేదారులు ఏమి సిద్ధము చేసికొనవలెనో తెలియవలెనన్నచో, అది పుట్టిన తీరు ముందు తెలియవలెను. ఆ కథనే నేడు శ్రోతలకు మనవి చేయుచున్నాము.

కథకు మొదలు రెండవ ప్రపంచ యుద్ధము. 1940లో అమెరికాలోని పారిశ్రామికోత్పత్తిలో నూటికి 70 పాళ్లు సుమారు 1,75,000 సంస్థలనుండి వచ్చుచుండెను. అన్నింటికంటె పెద్దవైన 100 సంస్థల వంతు నూటికి 30 పాళ్లు మాత్రమే. యుద్ధపు కొనుగోళ్లు ప్రారంభమయ్యెను. విమానములు, ట్యాంకులు, ఓడలు త్వరగా కావలెను. కొనువారు సైనికాధికారులు, వారికి తీరిక లేదు. ఒక్క పెద్ద సంస్థతో ఒక్క సంతకము చేయుట వారికి సులభము. వేయి చిన్న సంస్థలతో వేయి సంతకములు చేయుట కష్టము. 1943 మార్చి నాటికి తక్కెడ తలక్రిందులయ్యెను. యుద్ధమునకు, అత్యవసర పౌరావసరములకు సంబంధించిన గుత్తలలో నూటికి 70 పాళ్లు ఆ 100 సంస్థల చేతిలోనికి పోయినవి.

చిన్న కార్ఖానాల యజమానులు ఊరకుండలేదు. మాంటానా సెనేటరు జేమ్స్ మర్రే, టెక్సాసు ప్రతినిధి రైట్ పాట్మన్ వారి పక్షమున నిలిచిరి. 1942 జూన్ 11వ తేదీన ఒక చట్టము వచ్చెను. దానివలన చిన్న యుద్ధ కార్ఖానాల కార్పొరేషను ఏర్పడెను. చిన్న సంస్థలకు అప్పులిచ్చుట, గుత్తలు ఇప్పించుట, పెద్ద గుత్తేదారులనుండి ఉపగుత్తలు ఇప్పించుట దాని పనులు.

ఈ సంస్థ చేసిన మేలులలో ముఖ్యమైనది బహుశః దాని తుది లెక్కయే. 1946లో అది ఆర్థిక శక్తి కేంద్రీకరణమును గూర్చి ఒక నివేదిక ప్రకటించెను. 1940 జూన్ మొదలు 1944 సెప్టెంబరు వరకు ప్రభుత్వమిచ్చిన ప్రధాన గుత్తల విలువ 17,500 కోట్ల డాలర్లు. అందులో సగమునకు పైగా 33 సంస్థలకే పోయెను. 100 సంస్థలకు మూడింట రెండు వంతులు చేరెను. “అయిననేమి? పెద్దవారు చిన్నవారికి పంచిపెట్టుచున్నారు గదా” అని ఆనాడు కొందరు వాదించెడివారు. ఆ వాదమునకును ఆ నివేదికలో జవాబు కలదు. పెద్ద గుత్తేదారులు తమ పనిలో సుమారు మూడవ వంతును ఉపగుత్తలకిచ్చిన మాట నిజమే. కాని ఆ మూడవ వంతులో నాలుగింట మూడు పాళ్లు 500 మందికి పైగా పనివారున్న సంస్థలకే పోయినవి. ఏనుగు నోటినుండి జారిన ముద్ద మఱియొక ఏనుగు నోటిలోనే పడినది. చీమకు దొరకినది మెతుకులు మాత్రమే.

ఈ సంగతి బయటపడినది లెక్క అడిగినందువలననే. అడుగకున్నచో, పంచితిమనెడి మాటయే నిలిచియుండెడిది. ఉపగుత్తల నివేదికల చరిత్రకు ఇది మొదటి పాఠము.

యుద్ధము ముగిసెను, ఆ కార్పొరేషనును మూతపడెను. కొరియా యుద్ధకాలమున 1951లో దానివంటి తాత్కాలిక సంస్థ మఱియొకటి వచ్చెను. 1953 జూలై 30వ తేదీన అధ్యక్షుడు ఐసెన్‌హోవరు సంతకముతో చిన్న వ్యాపారముల చట్టము అమలులోనికి వచ్చి, చిన్న వ్యాపారముల పరిపాలన సంస్థ ఏర్పడెను. 1958లో దానికి శాశ్వతత్వము లభించెను. ప్రభుత్వపు కొనుగోళ్లలో చిన్నవారికి న్యాయమైన భాగము దక్కవలెనన్నది ఆ చట్టపు ఆశయము.

ఆశయము వేఱు, ఆచరణ వేఱు. 1961 సెప్టెంబరులో ఉపగుత్తలను గూర్చియే ఒక సవరణ వచ్చెను. చిన్న వ్యాపారముల సంస్థ, రక్షణ శాఖ, సాధారణ సేవల సంస్థ కలిసి ఉపగుత్తల కార్యక్రమమొకటి రూపొందింపవలెనని అది విధించెను. కాని పెద్ద గుత్తేదారుని మీద పడిన భారము యథాశక్తి ప్రయత్నమే. ఇంత శాతము ఇచ్చి తీరవలెనను నిబంధన లేదు. యథాశక్తి అను మాట ఎంత సాగునో మన పల్లెలలో చందాలు వసూలుచేసిన పెద్దలకు బాగుగా తెలియును.

పదునేడు సంవత్సరములు గడచిన పిమ్మట, 1978 అక్టోబరు 24వ తేదీన, అధ్యక్షుడు కార్టరు సంతకము చేసిన చట్టము ఈ సడలింపును బిగించెను. ఆనాటి నిబంధన ప్రకారము 5 లక్షల డాలర్లు మించిన గుత్త పొందు పెద్ద సంస్థ ఏదైనను, అందులో ఉపగుత్తల కవకాశమున్నచో, ముందుగా ఒక ప్రణాళిక సమర్పింపవలెను. కట్టడపు పనులకు ఆ హద్దు 10 లక్షలు. చిన్న సంస్థయే ప్రధాన గుత్తేదారైనచో ఈ నియమము లేదు. ప్రణాళికలో చిన్న సంస్థలకు ఎంత శాతము, సామాజికముగా వెనుకబడినవారి చిన్న సంస్థలకు ఎంత శాతము ఇత్తురో వ్రాయవలెను. ఆ పనికి బాధ్యుడైన ఉద్యోగి పేరు తెలుపవలెను. చిన్నవారిని వెదకుటకు ఏ ప్రయత్నములు చేయుదురో చెప్పవలెను. దస్తరములు ఉంచెదమనియు, నివేదికలు పంపెదమనియు మాట ఈయవలెను. ఆమోదము పొందిన ప్రణాళిక ఒడంబడికలో భాగమగును. అనగా, యథాశక్తి అన్న మాట అంకెయై కూర్చుండెను.

అంకె వచ్చినచో దానిని నింపుటకు గడి కావలెను. ఆ గడులే 294, 295 సంఖ్యల ప్రమాణ పత్రములు. మొదటిది ఒక్కొక్క గుత్తకు వేఱువేఱుగా వ్రాయవలసినది. ఆ గుత్త క్రింద మాట యిచ్చిన శాతమెంత, నిజముగా ఇచ్చిన ఉపగుత్తల విలువ ఎంత అని అది అడుగును. మార్చి 31, సెప్టెంబరు 30 తేదీలతో ముగియు అర్ధ సంవత్సరములకు, గడువు ముగిసిన 30 దినములలో దానిని పంపవలెను. రెండవది ఒక ప్రభుత్వ శాఖకు ఆ సంస్థ చేసిన పనులన్నింటి మొత్తపు పట్టిక. మొదటిది చెట్టును చూపును. రెండవది తోటను చూపును.

కాలక్రమమున గడులు పెరిగెను. 1988 చట్టము, చిత్తశుద్ధితో ప్రయత్నింపక లక్ష్యము తప్పిన గుత్తేదారునకు పరిహారపు శిక్ష విధించెను. 1994లో స్త్రీల యాజమాన్యములోని సంస్థలకు గడి వచ్చెను. 1997 చట్టముతో ఆర్థికముగా క్షీణించిన ప్రాంతములలోని సంస్థలకును, 1999 చట్టముతో మాజీ సైనికుల సంస్థలకును గడులు కలిగెను. ఒక పత్రములో ఒక నిలువు గీత పెరిగినదనగా, ఆ దేశములో ఏదో ఒక సమూహము “మమ్ము లెక్కింపుడు” అని అడిగి గెలిచినదని అర్థము.

ఈ గీతలలో ఒకదానితో మనవారికిని సంబంధము కలదు. 1982లో, భారత సంతతి అమెరికనుల సంఘమొకటి చేసిన విజ్ఞప్తిపై, చిన్న వ్యాపారముల సంస్థ భారత సంతతివారిని సామాజికముగా వెనుకబడిన సమూహములలో చేర్చెను. అప్పటికే తెలుగునాటినుండి ఇంజనీర్లు, వైద్యులు అక్కడ స్థిరపడియుండిరి. వారిలో స్వంత సంస్థలు స్థాపించినవారికి ఈ గుర్తింపు ఒక ద్వారము. ఒక సమూహములో పుట్టినంత మాత్రముననే వెనుకబాటును ఊహించుట చెల్లదని 2023 జూలైలో టెన్నెస్సీలోని సమాఖ్య న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఆ తరువాత దరఖాస్తుదారులు తమ వృత్తాంతమును తామే నిరూపించుకొనవలసివచ్చెను. కాగితము మీది గడి ఎంతటి బలమైన వాదములకు తావగునో దీనివలన తెలియును.

ఇక కాగితముల కష్టము. వేలకొలది గుత్తలకు సంవత్సరమునకు రెండు సారులు నివేదికలు. ఒక్కొక్క ప్రతి ఒక్కొక్క కార్యాలయమునకు. వచ్చిన కాగితమును చదువుటకు ఒక మనిషి కావలెను. కూడుటకు మఱియొక మనిషి కావలెను. చదువకున్నచో అది బీరువాలో నిద్రించును. ఈ భారమును తొలగించుటకై 2005లో ఇ.ఎస్.ఆర్.ఎస్. అను ఎలక్ట్రానిక్ పద్ధతిని ప్రారంభించిరి. 294 పత్రము స్థానమున ఒక్కొక్క గుత్త నివేదిక, 295 పత్రము స్థానమున సంగ్రహ నివేదిక ఇంటర్నెట్టు ద్వారా పంపబడసాగెను. ప్రభుత్వాధికారి దానిని స్వీకరింపవచ్చును, లేదా తప్పులు చూపి త్రిప్పి పంపవచ్చును.

పత్రము మారినను ప్రశ్న మారలేదు. పెద్ద సంస్థ తన మొత్తమును తానే చెప్పును. ఏ చిన్న సంస్థకు ఎంత ముట్టినదో పేరుపేరున ఆ నివేదికలో ఉండదు. పేర్లు కావలెనన్న కోరిక వేఱొక త్రోవను వచ్చెను. 2006 సెప్టెంబరులో, సెనేటర్లు కోబర్న్, ఒబామాలు కలిసి ప్రతిపాదించిన పారదర్శకత చట్టము అమలులోనికి వచ్చెను. ప్రభుత్వ ధనము ఎవరికి చేరినదో ప్రజలందఱును చూడదగిన చోట ఉంచవలెనని అది శాసించెను. దాని ననుసరించి 2010లో ఎఫ్.ఎస్.ఆర్.ఎస్. అను రెండవ పద్ధతి వచ్చెను. మొదటి అంచెలోని ఉపగుత్తేదారు పేరు, మొత్తము, స్థలము అందులో వ్రాయవలెను. మొదట పెద్ద గుత్తలకు, 2011 మార్చినుండి 25 వేల డాలర్ల గుత్తలకు సైతము దీనిని వర్తింపజేసిరి.

ఆ విధముగా ఒకే గుత్తేదారు రెండు చోట్ల రెండు విధములుగా లెక్క చెప్పవలసివచ్చెను. ఒకచోట శాతములు, ఒకచోట పేర్లు. ఒకచోట అర్ధ సంవత్సరపు గడువు, ఒకచోట ఉపగుత్త ఇచ్చిన మఱుసటి నెల చివరి గడువు. ఇవి గాక సంస్థ నమోదునకు వేఱొక స్థలము. 2012లో అంతకు ముందున్న పలు నమోదు పుస్తకములను ఒక్కటిగా చేర్చి శామ్ అను పద్ధతిని స్థాపించిరి. ఒక ప్రైవేటు సంస్థ ఇచ్చెడి తొమ్మిదంకెల డన్స్ సంఖ్యకు బదులుగా, 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి ప్రభుత్వమే ఇచ్చు పండ్రెండు అక్షరాంకముల గుర్తింపు వచ్చెను. 2025 మార్చిలో ఎఫ్.ఎస్.ఆర్.ఎస్. మూతపడి, దాని పని శామ్‌లోనికి మారెను. ఇ.ఎస్.ఆర్.ఎస్.కును ఇదే మార్గమని సాధారణ సేవల సంస్థ ప్రకటించెను. పది గుమ్మముల ఇంటికి ఒక్క సింహద్వారము పెట్టుట ఈ మార్పుల సారాంశము.

ఇల్లు మారునప్పుడు మన గృహిణులు ఏమి చేయుదురు? ముందు సామాను లెక్క వ్రాసికొందురు. ఏది క్రొత్త ఇంటికి చేరినదో, ఏది పాత ఇంటి అటకమీద మిగిలినదో ఆ పట్టికతో సరిచూతురు. గుత్తేదారులును అట్లే చేయుట మంచిది. పాత పద్ధతిలో పంపిన ప్రతి నివేదికకు ఒక ప్రతిని తమవద్ద దాచుకొనవలెను. అధికారులు త్రిప్పి పంపిన నివేదికలను సరిదిద్ది ముందే ముగింపవలెను. సగము వ్రాసి విడిచినవాటిని మార్పు దినము వరకు ఉంచరాదు. సంస్థ పేరు, చిరునామా, గుర్తింపు సంఖ్య అన్ని చోట్ల ఒక్కటిగా ఉన్నవో లేవో చూడవలెను. ఒక్క అక్షరము తేడా వచ్చినను యంత్రము ఆ రెంటిని ఇద్దఱు మనుష్యులుగా భావించును. నివేదిక పంపు అధికారము ఎవరికున్నదో నిర్ణయించి, ఆ ఉద్యోగి సెలవులోనున్న దినమునకు రెండవ మనిషిని సిద్ధపఱచవలెను. ఉపగుత్తేదారులకును కబురు పంపవలెను. వారి నమోదు గడువు తీరినదై యుండిన, పెద్దవాని లెక్క తడబడును. అన్నింటికంటె ముఖ్యము, మూల దస్తరములు. చెల్లింపు రసీదులు, ఒడంబడిక ప్రతులు. పద్ధతులు మారవచ్చును, మూతపడవచ్చును. రసీదు మాత్రము మారదు.

ఇంత చెప్పినను, అసలు ప్రశ్న ఒకటి మిగిలియే యున్నది. పంపిన నివేదికను ఎవరైన చదువుచున్నారా? 2020 మేలో అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయము ఈ విషయమునే పరిశీలించెను. ఎన్నిక చేసిన గుత్తలలో అనేకములందు, నివేదికలు సకాలమున అందునట్లు అధికారులు శ్రద్ధ వహింపలేదని అది తేల్చెను. ఎలక్ట్రానిక్ పద్ధతి వచ్చి అప్పటికి పదునైదు సంవత్సరములు. కాగితపు బీరువా పోయి కంప్యూటరు బీరువా వచ్చినది. నిద్ర మాత్రము పూర్తిగా తొలగలేదు.

పెద్దవాని మాటను సరిచూచుటకు చిన్నవాని గొంతు కూడ వినబడవలెనన్న తలంపు ఆలస్యముగా పుట్టినది. 2010 నాటి చిన్న వ్యాపారముల ఉద్యోగ చట్టము ఆ దిశగా ఒక అడుగు వేసెను. చిన్న ఉపగుత్తేదారునకు చెల్లింపు తగ్గించినను, 90 దినములు మించి జాగు చేసినను, కారణమును పెద్ద గుత్తేదారు ప్రభుత్వాధికారికి వ్రాసి తెలుపవలెనని అది నియమించెను. ఉపగుత్త ఇచ్చితిమనుట ఒక లెక్క. దాని సొమ్ము చేతికందినదనుట మఱియొక లెక్క. జీతముల దినమున పనివారి ముఖములు చూడవలసిన చిన్న యజమానునకు రెండవదియే అసలు లెక్క.

హద్దులును మారుచున్నవి. 1978లో 5 లక్షల డాలర్లుగా నున్న ప్రణాళిక హద్దు, ధరల పెరుగుదల ననుసరించి క్రమముగా హెచ్చి, 2025 అక్టోబరు 1వ తేదీన 9 లక్షలయ్యెను. కట్టడపు పనులకు 20 లక్షలయ్యెను. ధరలు పెరిగినప్పుడు హద్దు పెరుగుట సహజమే. అయినను హద్దు పెరిగిన ప్రతిసారి, దాని క్రింద నిలిచిన కొన్ని గుత్తలు లెక్క చెప్పవలసిన అవసరమునుండి తప్పుకొనునని మఱువరాదు.

ఈ ఎనుబదేండ్ల కథను తిరిగి చూచినచో మాకు తోచునది ఇది. 1942లో లెక్క అడుగువారు లేక చిన్నవాడు నష్టపోయెను. 1961లో లెక్క అడిగినను అంకె లేక మాట సాగిపోయెను. 1978లో అంకె వచ్చినను కాగితము కదలలేదు. 2005 తరువాత కాగితము కదలినను చదువరి కొఱతపడెను. ప్రతి తరమును ముందు తరము విడిచిన ఒక్క రంధ్రమును పూడ్చినది; ఏ తరమును అన్నింటిని పూడ్చలేదు. నేటి మార్పు అన్ని లెక్కలను ఒక్క కప్పు క్రిందికి తెచ్చుచున్నది. శాతములు, పేర్లు ఒకేచోట ఉన్నచో, పెద్దవాడు చెప్పిన మొత్తమును చిన్నవారి పేర్ల ప్రక్కన పెట్టి సరిచూచుట ఎన్నడును లేనంత సులభము కావచ్చును. సులభమగుట వేఱు, సరిచూచుట వేఱు. మొదటిది యంత్రము చేయును. రెండవది, జీతము తీసికొని బల్లయెదుట కూర్చుండు అధికారి చేయవలెను. ఆయన ఒక నివేదికను తెఱచి, “ఈ సొమ్ము నిజముగా ముట్టినదా?” అని అడిగిన దినముననే, ఏదో ఒక చిన్న పట్టణములో ఐదారుగురు పనివారితో నడచు కార్ఖానా యజమానునకు ఆ చట్టము ఉన్నట్లు తెలియును.